న్యాయమూర్తికి నివాళి: కోర్టు హాలులో వినిపించేది, తీర్పుల్లో కనిపించేది

'చచ్చినవాడి కళ్లు చారెడు' అని మనకో సామెత. బతికున్నంత కాలం ఎవరి కంటికీ ఆనని కళ్లు, మనిషి పోయిన మర్నాటికి చారెడంత అవుతాయి. హైదరాబాద్‌లో ఏ మాజీ న్యాయమూర్తో కన్నుమూసిన మరునాడు పత్రికలు తిరగేస్తే ఈ సామెత గుర్తుకు రాక మానదు. 'న్యాయరంగానికి తీరని లోటు', 'సంచలన తీర్పులకు చిరునామా', 'నిరాడంబరుడు', 'పేదల పక్షపాతి'. పదేళ్ల కిందటి వార్తకు పేరు మార్చి మళ్లీ అచ్చువేసినా ఎవరూ పోల్చుకోలేరు. ఆ వార్త చివర మాత్రం రెండు పొడి వాక్యాలుంటాయి: 'హైకోర్టులో ఫుల్‌కోర్టు సమావేశమై నివాళులర్పించింది. అనంతరం విధులు నిలిపివేశారు.'

చదివేవాళ్లకు చిక్కుముడి పడేది ఆ పొడి వాక్యాల దగ్గరే. ఫుల్‌కోర్టు అంటే ఏమిటి? విధులు ఎందుకు నిలిపివేశారు? ఒకరికి అధికార లాంఛనాలతో అంత్యక్రియలు చేసి, మరొకరికి ఎందుకు చేయలేదు? ఇక అసలు ప్రశ్న: 'సంచలన తీర్పులు' ఇచ్చారంటున్నారు గదా, ఆ మాట నిజమో కాదో తేల్చుకునేదెలా?

ఫుల్‌కోర్టు వేరు, ఫుల్‌బెంచ్ వేరు

వార్తల్లో ఈ రెండు మాటలూ తరచూ తారుమారవుతుంటాయి. ఫుల్‌బెంచ్ అంటే ఒక కేసు వినడానికి కూర్చున్న ముగ్గురు లేక అంతకంటే ఎక్కువమంది న్యాయమూర్తుల ధర్మాసనం. ఒకరే వింటే సింగిల్ జడ్జి, ఇద్దరైతే డివిజన్ బెంచ్. వీటి పని తీర్పు చెప్పడం.

ఫుల్‌కోర్టు అలా కాదు. ఆ హైకోర్టు న్యాయమూర్తులందరూ కలిస్తే ఫుల్‌కోర్టు. మామూలు రోజుల్లో అది తలుపులు మూసుకుని పాలనా వ్యవహారాలు చర్చించే సమావేశం: కింది కోర్టుల జడ్జీల పదోన్నతులు, క్రమశిక్షణ చర్యలు, నియమావళి మార్పులు వంటివి. జిల్లా కోర్టుల మీద అజమాయిషీని రాజ్యాంగంలోని 235వ అధికరణ హైకోర్టుకు ఇచ్చింది గనుక ఈ సమావేశాల అవసరం ఉంటుంది. ఏడాదిలో కొన్ని సందర్భాల్లో మాత్రమే ఈ ఫుల్‌కోర్టు తలుపులు తెరుచుకుని, అందరి ఎదుట వేదిక మీద కూర్చుంటుంది. కొత్త న్యాయమూర్తికి స్వాగతం, పదవీ విరమణ చేసేవారికి వీడ్కోలు, పోయినవారికి సంతాపం. ఈ మూడోదాన్ని న్యాయవాదులు 'రెఫరెన్స్' అంటారు. ఆ మాటకు ఇక్కడ అర్థం ప్రస్తావన అనే. ఒక ధర్మాసనం చిక్కు ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి నివేదించడాన్నీ రెఫరెన్స్ అనే అంటారు గనుక, కొత్తగా నల్లకోటు వేసుకున్నవాళ్లు కూడా మొదట్లో తడబడుతుంటారు.

మొదటి కోర్టు హాలులో

మూసీ దక్షిణపు ఒడ్డున, ఎరుపూ తెలుపూ రాళ్ల ఆ గుమ్మటాల భవనం 1915లో మొదలై 1919లో పూర్తయింది. జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ నమూనా గీశారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1920 ఏప్రిల్ 20న ప్రారంభించారు. ప్రధాన న్యాయమూర్తి కూర్చునే మొదటి కోర్టు హాలులోనే సాధారణంగా రెఫరెన్స్ జరుగుతుంది.

తంతు చిన్నదే. న్యాయమూర్తులు వరుసగా వచ్చి కూర్చుంటారు. మామూలుగా ఇద్దరు కూర్చునే వేదిక మీద అంతమందికి కుర్చీలు సర్దడమే బంట్రోతులకు పెద్ద పని. దివంగత న్యాయమూర్తి కుటుంబసభ్యులకు ముందు వరుస ఇస్తారు. ప్రధాన న్యాయమూర్తి జీవిత విశేషాలు చదువుతారు: పుట్టిన ఊరు, చదివిన కళాశాల, న్యాయవాదిగా ఎన్‌రోల్ అయిన సంవత్సరం, ఎవరి దగ్గర జూనియర్‌గా చేరారు, బెంచికి ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు దిగారు. తరువాత అడ్వకేట్ జనరల్, న్యాయవాదుల సంఘం అధ్యక్షుడు మాట్లాడతారు. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. చదివిన ప్రసంగాల ప్రతిని ఆ కుటుంబానికి అందజేస్తారు. ఇదంతా రాజ్యాంగంలో రాసి ఉన్నది కాదు. కేవలం ఆనవాయితీ.

తెలుగునాట ఈ ఆనవాయితీకి ఒక తిరకాసు కూడా ఉంది. 1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలైంది. 1956లో రాష్ట్రావతరణతో హైదరాబాద్ వచ్చింది. 2014లో రాష్ట్రం రెండైనా కోర్టు ఒక్కటిగానే కొనసాగి, 2019 జనవరి 1న తెలంగాణకు ఒకటి, అమరావతిలో ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి అయింది. 1990లలో హైదరాబాద్‌లో పనిచేసిన న్యాయమూర్తి ఇవాళ కన్నుమూస్తే ఆయన ఏ కోర్టు మనిషి? ఆయన కూర్చున్న బల్ల తెలంగాణ హైకోర్టులో ఉంది. ఆయన తీర్పులు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ చెల్లుతాయి. రెండు చోట్లా నివాళి జరిగితే అందులో వింతేమీ లేదు.

జెండా, తుపాకీ వందనం: నియమం ఎంత, నిర్ణయం ఎంత

'అంత పెద్దాయన పోతే జెండా అవనతం చేయలేదేమిటి' అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. భారత పతాక నియమావళిలో దీనికి ఒక పట్టిక ఉంది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి మరణిస్తే దేశమంతటా పతాకాన్ని సగానికి దించుతారు. లోక్‌సభ స్పీకరు, భారత ప్రధాన న్యాయమూర్తి మరణిస్తే ఢిల్లీలో మాత్రమే. గవర్నరు, ముఖ్యమంత్రి అయితే ఆ రాష్ట్రమంతటా. హైకోర్టు న్యాయమూర్తి ఆ పట్టికలో లేరు. కాబట్టి జెండా దించకపోవడం అవమానమేమీ కాదు, అది నియమం.

అధికార లాంఛనాలు ఇంకో సంగతి. పోలీసులు తుపాకులు పైకెత్తి కాల్చే గౌరవ వందనం, భౌతికకాయం మీద త్రివర్ణ పతాకం, ఇవి రాష్ట్ర ప్రభుత్వం విడివిడిగా నిర్ణయించి ఉత్తర్వు ఇచ్చేవి. న్యాయమూర్తి అయినంత మాత్రాన హక్కుగా రావు. ప్రభుత్వం ప్రకటించకుండా ఆప్తులే అభిమానంతో జెండా కప్పితే అది నేరం కూడా కావచ్చు. జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం, 1971, ప్రభుత్వ లాంఛనాలతోనో సాయుధ, పారామిలటరీ దళాల పద్ధతిలోనో జరిగే అంత్యక్రియల్లో తప్ప జెండాను అలా కప్పడానికి ఒప్పుకోదు.

ఈ లాంఛనాల మీద రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. రాజ్యాంగ పదవిలో పనిచేసిన వ్యక్తికి ప్రభుత్వం మర్యాద చూపాల్సిందేనని కొందరు. ప్రభుత్వమే అతి పెద్ద కక్షిదారు గనుక, ఏ న్యాయమూర్తికి లాంఛనాలు ఇవ్వాలో తేల్చే పని దాని ఇష్టానికి వదిలేయడం ఇబ్బందికరమని మరికొందరు. అందరికీ ఒకే కొలమానం రాసిపెడితే సగం గొడవ తీరుతుందని నాకనిపిస్తుంది.

ఆ రోజు కోర్టు నడవాలా, ఆగాలా

ఒక ఉదాహరణ చూద్దాం. నారాయణపేట వైపు నుంచి ఒక రైతు భూసేకరణ కేసు కోసం తెల్లవారుజామున బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగాడనుకుందాం. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాసు పుస్తకం, పాత నోటీసు. కాజ్‌లిస్టులో, అంటే ఆ రోజు వినే కేసుల జాబితాలో, అతని కేసు 23వ నంబరు. పదిన్నరకు రెఫరెన్స్, ఆ తరువాత విధుల నిలిపివేత. వకీలు గుమాస్తా వచ్చి 'ఇవాళ కోర్టు లేదు, వాయిదా పడింది' అంటాడు. ఎప్పటికి పడిందో అతనూ చెప్పలేడు. ఊహకు ఒక లెక్క వేసుకుంటే, 20 ధర్మాసనాలు పూటకు 20 కేసుల చొప్పున వింటాయనుకుంటే, ఒక్క పూటలో 400 కేసులు వాయిదా పడతాయి. ఒక్కో కేసు వెనుక బస్సు ఛార్జీ ఉంది, పోయిన కూలి ఉంది.

ఇది ఒక పక్షం. ఇంకో పక్షానికీ బలం లేకపోలేదు. రెఫరెన్స్‌కు పట్టేది అరగంటే. ఒక సంస్థ తనవాళ్లను తలుచుకోవడానికి కూడా గడియారం చూసుకుంటే అది సంస్థగా ఎట్లా నిలుస్తుందని పాతతరం న్యాయవాదులు అడుగుతారు. న్యాయమూర్తుల బెంచికీ న్యాయవాదుల బారుకూ మధ్య రోజూ వాదప్రతివాదాలే. ఆ ఇద్దరూ ఒకే మాట చెప్పే అరుదైన సందర్భం ఇదేనని వారి వాదన. విధులు ఆపడం కూడా ఆ గౌరవంలో భాగమేనంటారు.

ఇక్కడ విడదీసి చూడవలసినవి రెండున్నాయి. కోర్టు తనంతట తాను పని ఆపడం ఒకటి, న్యాయవాదులు కోర్టు బహిష్కరించడం మరొకటి. రెండోదాని మీద సుప్రీంకోర్టు కటువుగానే ఉంది. 2002లో హరీశ్ ఉప్పల్ కేసులో న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని తేల్చింది. బార్ లేక బెంచి గౌరవానికీ స్వతంత్రతకూ సంబంధించిన అత్యంత అరుదైన సందర్భాల్లో, అదీ ఒక్కరోజుకు మించకుండా అయితే, కోర్టు చూసీచూడనట్లు ఉండవచ్చని మాత్రం అంది.

సంతాపం పేరిట వ్యవహారం ఎక్కడిదాకా పోగలదో ఉత్తరాఖండ్ చూపించింది. లా కమిషన్ 2017 నాటి 266వ నివేదిక ప్రకారం 2012 నుంచి 2016 దాకా డెహ్రాడూన్ జిల్లాలో న్యాయవాదులు 455 రోజులు, హరిద్వార్ జిల్లాలో 515 రోజులు విధులకు దూరంగా ఉన్నారు. న్యాయవాదుల బంధువుల మరణాలు, నేపాల్ భూకంపం, పాకిస్తాన్ పాఠశాలలో పేలుడు, ఆఖరికి కవి సమ్మేళనం కూడా కారణాల జాబితాలో ఉన్నాయి. శనివారం బహిష్కరణలైతే ముప్ఫై అయిదేళ్లకు పైగా సాగాయి. ఇది తగదన్న హైకోర్టు తీర్పును 2020లో సుప్రీంకోర్టు సమర్థించింది. కవి సమ్మేళనానికి కోర్టు మూయడం చూస్తే మన రెఫరెన్స్ ఎంతో పద్ధతిగా కనిపిస్తుంది. నారాయణపేట రైతుకు మాత్రం ఈ తేడా వల్ల ఒరిగేదేమీ లేదు. సంతాపాన్ని సాయంత్రం పని ముగిసే వేళకు జరుపుకుంటే గౌరవమూ దక్కుతుంది, వాయిదా కూడా తప్పుతుంది కదా అన్నది మధ్యేమార్గంగా వినిపించే మాట.

పోయినవారి తీర్పును విమర్శించవచ్చా

నివాళిలో విమర్శ ఎందుకు ఉండదంటే మొదటి జవాబు మర్యాద. చట్టం అడ్డమని కూడా చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. కోర్టు ధిక్కార చట్టం, 1971, ఐదో సెక్షన్ ప్రకారం తుదిగా తేలిపోయిన కేసులో తీర్పు మంచిచెడ్డలపై సముచిత వ్యాఖ్య చేయడం ధిక్కారం కాదు. న్యాయమూర్తి బతికున్నా అంతే, లేకున్నా అంతే. పరువునష్టం విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పోయినవారి మీద వేసే నింద కూడా పరువునష్టం కావచ్చు, ఆ నింద బతికుంటే వారి పేరు చెడగొట్టేదై, ఆప్తుల మనసు నొప్పించే ఉద్దేశంతో వేసినదైతే. సద్భావంతో తీర్పు బాగోగులు చర్చించడాన్ని అదే సెక్షన్ మినహాయించింది. ఇక న్యాయమూర్తి విధి నిర్వహణలో ప్రవర్తన గురించి శాసనసభలో చర్చించరాదని 211వ అధికరణ చెబుతుంది. ఆ కట్టు శాసనసభ్యులకే గానీ పాఠకులకు కాదు.

అంటే 'ఆయన లంచగొండి' అని ఆధారం లేకుండా అనడం ప్రమాదం. 'ఆయన ఆ కేసులో చట్టాన్ని తప్పుగా చదివారు' అనడం పౌరుడి హక్కు. న్యాయవాదులు ప్రతి అప్పీలులో చేసేది రెండోదే.

పదవి దిగాక చేసినది సేవేనా

హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లకు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి 65 ఏళ్లకు విరమణ చేస్తారు. సుప్రీంకోర్టులో పనిచేసినవారు ఆ తరువాత దేశంలో ఏ కోర్టులోనూ వాదించకూడదు. హైకోర్టులో శాశ్వత న్యాయమూర్తిగా ఉన్నవారు తాము కూర్చున్న హైకోర్టును వదిలి వేరే హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో వాదించవచ్చు. మిగిలిన దారులు విచారణ కమిషన్లు, ట్రిబ్యునళ్లు, మానవ హక్కుల సంఘాలు, లోకాయుక్త, మధ్యవర్తిత్వం. నివాళి ప్రసంగాల్లో 'ప్రజాసేవ' అన్న మాట కింద ఎక్కువగా వచ్చేవి ఇవే.

దీని మీద వివాదం పాతదే. ఎం.సి. సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్ 1958లో ఇచ్చిన 14వ నివేదికలోనే, విరమణ తరువాత ప్రభుత్వం ఇచ్చే ఉద్యోగాలు న్యాయమూర్తులు పుచ్చుకోకూడదని సూచించింది. రేపటి కుర్చీ ఇవాళ్టి తీర్పు మీద నీడ వేస్తుందన్నది భయం. ఎదుటి వాదన కూడా గట్టిదే: ఈ సంస్థల్లో చాలావాటికి మాజీ న్యాయమూర్తే ఉండాలని పార్లమెంటే చట్టం చేసింది. అందరూ కాదంటే ఆ కుర్చీలు నింపేదెవరు?

కొలత పెట్టాలంటే ఒక పద్ధతి ఉంది. కమిషన్ నివేదిక ప్రభుత్వాన్ని కట్టిపడేయదు, అది సిఫార్సు మాత్రమే. కాబట్టి నివేదిక అమలైందా అన్నది న్యాయమూర్తి ఖాతాలో వేయలేం. అందులో ఏమి రాశారు, ఇచ్చిన గడువులో రాశారా, ఇబ్బందికరమైన పేర్లు దాటవేశారా అన్నవి మాత్రం వేయవచ్చు. విరమణకు ముందు చేసినదే అయినా ఇదే కొలతకు ఒక ఉదాహరణ: హైదరాబాద్ బిడ్డ జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉండగానే అహ్మదాబాద్‌లో 1969లో జరిగిన మత కల్లోలాలపై విచారణ జరిపిన సంఘానికి నేతృత్వం వహించారు. తరువాత, రాజ్యాంగాన్ని సవరించే పార్లమెంటు అధికారానికి హద్దు గీసిన కేశవానంద భారతి కేసులో ఏడుగురి మెజారిటీలో ఒకరయ్యారు. నివాళిలో రెండోదే ముందొస్తుంది. మొదటిది చేయడం తేలికని ఎవరైనా అంటే మాత్రం నేను నమ్మను.

రెఫరెన్స్‌లో వినిపించనివి

ఒక న్యాయమూర్తి రోజులో ఎక్కువ భాగం ఎవరూ వార్త రాయని పనిలో గడుస్తుంది. బెయిలు పిటిషన్లు, రెండో అప్పీళ్లు, సర్వీసు తగాదాలు, పరిహారం లెక్కలు. జిల్లా కోర్టుల తనిఖీలు, న్యాయ సేవాధికార సంస్థ బాధ్యతలు అదనం. వీటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది, తీర్పు రిజర్వు చేశాక వెలువరించడానికి తీసుకున్న కాలం. వాదనలు ముగిసి ఏళ్లు గడిచినా తీర్పు రాని కేసులుంటాయి. 2001లో అనిల్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి గీత గీసింది: మూడు నెలల్లో తీర్పు రాకపోతే కక్షిదారు దరఖాస్తు పెట్టవచ్చు, ఆరు నెలలు దాటితే కేసును మరో ధర్మాసనానికి మార్చమని ప్రధాన న్యాయమూర్తిని కోరవచ్చు. ఏ నివాళి ప్రసంగంలోనూ 'వీరు తీర్పులు నెలరోజుల్లో ఇచ్చేవారు' అన్న మాట నేను చదవలేదు. చదివితే ఆ ఒక్క వాక్యం పది విశేషణాల పెట్టు అనుకుంటాను.

కొట్టివేసిన తీర్పు, గెలిచిన అసమ్మతి: సుబ్బారావు ఉదాహరణ

'సంచలన తీర్పు' అన్న మాటలో ఒక మోసం ఉంది. ఆ రోజు సంచలనం అయినది నిలవకపోవచ్చు, ఆ రోజు ఓడిపోయినది నిలవవచ్చు.

రాజమండ్రిలో 1902లో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు, తరువాత హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు: ప్రాథమిక హక్కులను హరించేలా పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించలేదని ఆరుగురు, సవరించవచ్చని ఐదుగురు. ఆరేళ్లకే, 1973లో, పదముగ్గురు న్యాయమూర్తుల కేశవానంద ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. సవరించవచ్చు గానీ మౌలిక స్వరూపాన్ని మార్చకూడదని కొత్త గీత గీసింది. మరి గోలక్‌నాథ్ ఓడినట్టా? మాటగా చూస్తే ఓడింది. పార్లమెంటు చేతికి హద్దు ఉండాలన్న దాని ఆందోళన మాత్రం వేరే రూపంలో బతికింది. ఈ రెండు చదువులకూ సమర్థకులున్నారు.

ఆయన రాసినవాటిలో నా మనసు మళ్లేది మరొకదాని మీదికి. ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే వ్యక్తిని దోపిడీ కేసులో అనుమానించి, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. చౌకీదారు, కానిస్టేబుళ్లు అర్ధరాత్రి వచ్చి తలుపు బాదుతారు, కేకలు వేసి నిద్ర లేపుతారు. 1962లో ఆరుగురు న్యాయమూర్తులు విన్నారు. రాత్రి పూట ఇంటి మీద పడటం తప్పేనని అందరూ అన్నారు. కానీ మిగతా నిఘాకు అడ్డు లేదని, గోప్యత అనే ప్రాథమిక హక్కు రాజ్యాంగంలో లేదని నలుగురు తేల్చారు. సుబ్బారావు, జె.సి. షా ఒప్పుకోలేదు. వెంట పోలీసు కన్ను ఉన్నంతసేపు మనిషి ఎక్కడ తిరిగినా దేశమంతా అతనికి జైలేనని సుబ్బారావు రాశారు.

ఇటువంటిదాన్ని అసమ్మతి తీర్పు అంటారు. ఆ కేసులో దానికి ఏ బలమూ ఉండదు, కక్షిదారుకు దానివల్ల పైసా లాభం లేదు. అది ఎప్పుడో రాబోయే ధర్మాసనాన్ని ఉద్దేశించి రాసుకున్న ఉత్తరం లాంటిది. సుబ్బారావు 1976లో కన్నుమూశారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని చెబుతూ, ఖడక్ సింగ్ కేసులో ఆ హక్కు లేదన్న భాగాన్ని కొట్టివేశారు. 55 ఏళ్ల కిందటి ఇద్దరి మాట చట్టమైంది.

ఆయన జీవితంలో నివాళి ప్రసంగాలు తొందరగా దాటేసే పుట కూడా ఒకటుంది. 1967 ఏప్రిల్‌లో, పదవీకాలం ఇంకా మూడు నెలలుండగా, రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. గోలక్‌నాథ్ తీర్పు వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. ప్రధాన న్యాయమూర్తి కుర్చీలోంచి నేరుగా ఎన్నికల్లోకి దిగితే పాత తీర్పులకు కూడా రాజకీయ రంగు అంటుతుందని విమర్శకులన్నారు. రాష్ట్రపతి పదవి రాజ్యాంగ పదవే, పౌరుడిగా పోటీ ఆయన హక్కు అని సమర్థకులన్నారు. ఆయన గొప్ప న్యాయమూర్తి అని నమ్మేవాళ్లు కూడా ఈ పుటను చదవాలి. చదివితే గౌరవం తగ్గుతుందని నేననుకోను.

జస్టిస్ చిన్నప్ప రెడ్డి: ఒక డ్రైవరు, ముగ్గురు పిల్లలు, రెండేళ్ల గడువు

జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి 1967లో హైదరాబాద్‌లోనే హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1978 నుంచి 1987 దాకా సుప్రీంకోర్టులో ఉన్నారు. 2013 ఏప్రిల్‌లో కన్నుమూశారు. 'పేదల పక్షపాతి' అన్న బిరుదు ఆయనకు అతికినంతగా ఇంకెవరికీ అతకదు. కానీ బిరుదు విని ఊరుకోకుండా తీర్పుల్లో వెతికితే దొరికేవి మనుషులు.

1982లో రణధీర్ సింగ్ అనే ఢిల్లీ పోలీసు డ్రైవరు-కానిస్టేబుల్ అడిగింది చాలా మామూలు ప్రశ్న: మిగతా శాఖల డ్రైవర్లు తోలేదీ బండే, నేను తోలేదీ బండే, నాకు జీతం తక్కువేమిటి? సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగంలో ఆదేశిక సూత్రం మాత్రమే, దానికోసం కోర్టుకు రాలేరు. చిన్నప్ప రెడ్డి ఆ సూత్రాన్ని సమానత్వ హక్కుతో కలిపి చదివి, అమలు చేయించగల హక్కుగా మార్చారు.

1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి పంపేశారు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ఆ పిల్లలు జనగణమన వచ్చినప్పుడు వినయంగా లేచి నిలబడేవారు, కానీ మత విశ్వాసం వల్ల పాడేవారు కాదు. 1986 ఆగస్టులో ఆయన, ఎం.ఎం. దత్ కలిసి ఇచ్చిన తీర్పు వారిని తిరిగి బడికి పంపింది. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్త్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం పాటిస్తుంది, దాన్ని పలుచన చేయవద్దు అన్న వాక్యాలతో అది ముగుస్తుంది. ఈ తీర్పును నాడూ నేడూ ఒప్పుకోనివాళ్లున్నారు. జాతీయగీతం విషయంలో మినహాయింపులు మొదలుపెడితే ఎక్కడ ఆగుతామని వారి ప్రశ్న. లేచి నిలబడటమే గౌరవం, పాడించడం బలవంతం అన్నది తీర్పు జవాబు.

మూడోది నిలవలేదు. 1975 జనవరి నుంచి ఉరిశిక్ష పడి ఎదురుచూస్తున్న ఖైదీ కేసు, వాతీశ్వరన్. 1983 ఫిబ్రవరిలో చిన్నప్ప రెడ్డి నేతృత్వంలోని ఇద్దరి ధర్మాసనం ఒక లెక్క పెట్టింది: ఉరిశిక్ష అమలు రెండేళ్లకు మించి ఆలస్యమైతే దాన్ని యావజ్జీవంగా మార్చమని ఖైదీ కోరవచ్చు. రోజూ ఉరికంబాన్ని తలుచుకుంటూ గడపడమే రెండో శిక్ష అన్నది తర్కం. నెల తిరిగే సరికి ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం షేర్ సింగ్ కేసులో ఆ గడువుతో విభేదించింది. వాళ్ల తర్కమూ కొట్టిపారేసేది కాదు: అప్పీళ్లు, దరఖాస్తులు వరుసగా వేసి ఖైదీయే రెండేళ్లు గడిపితే? నేరం ఎంత ఘోరమైనా క్యాలెండరు చూసి వదిలేస్తామా? చివరికి త్రివేణిబెన్ కేసులో ఐదుగురి రాజ్యాంగ ధర్మాసనం, 1989లో కారణాలు వివరిస్తూ, రెండేళ్ల గీతను చెరిపేసింది. నిర్దిష్ట గడువు ఉండదని, కానీ అనుచిత ఆలస్యం జరిగితే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని అంది.

నివాళి పుస్తకంలో ఈ కేసును ఏ గడిలో రాయాలి? 'పై ధర్మాసనం తోసిపుచ్చింది' అని రాస్తే అబద్ధం కాదు. 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు క్షమాభిక్ష దరఖాస్తులు ఏళ్ల తరబడి తేలకుండా పడి ఉండటమే ప్రధాన కారణంగా 15 మంది ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చింది. రెండేళ్ల లెక్క మళ్లీ రాలేదు. ఎదురుచూపే శిక్ష అన్న మాట మాత్రం మళ్లీ వచ్చింది. చిన్నప్ప రెడ్డి పోయి అప్పటికి తొమ్మిది నెలలు.